‘అలసట’ అని పేరు పెట్టాను, ఆయన ‘వింటున్నాను’ అంటున్నాడు: ఈ ఫొటోను ఏమి చేయాలి?

జమాఖర్చు (ప్రశ్న):

నేను ఒక చిన్న మెషిన్ షాపులో లెక్కలు రాస్తాను. నాలుగు లేత్‌లు (లోహాన్ని తిప్పుతూ చెక్కే మెషిన్లు), ఒక మిల్లింగ్ మెషిన్, రెండు డ్రిల్లింగ్ మెషిన్లు, మూలన ఒక వెల్డింగ్ బల్ల. పనివాళ్లు పదకొండు మంది. నా గది వాళ్ల షెడ్డును ఆనుకునే ఉంటుంది, మధ్యలో అద్దాల కిటికీ. ఎనిమిదేళ్లుగా ఆ అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. రెండేళ్ల కిందట పాత కెమెరా ఒకటి, దానికి 35 మి.మీ. లెన్సు ఒకటి కొనుక్కున్న తర్వాతే తలుపు తీసుకుని అటువైపు వెళ్లాను. వారానికి ఒక రోజు, లెక్కలు త్వరగా తెమిలిన రోజున, గంటో గంటన్నరో తీస్తూ వచ్చాను. యజమాని అభ్యంతరం చెప్పలేదు. పనివాళ్లూ చెప్పలేదు. ఇప్పటికి నాలుగు వేల పైచిలుకు ఫొటోలు పోగయ్యాయి. అందులోంచి ముప్ఫై ఏరి ఒక చిన్న ప్రదర్శనశాలకు పంపితే గోడకు పెడతామన్నారు. ఇంతవరకు సంతోషమే.

ఆ ముప్ఫైలో ఎవరికి చూపించినా ఆగిపోయేది ఒక్కదాని దగ్గరే. మా షాపులో అందరికన్నా పెద్దవాడైన టర్నర్ (లేత్ నడిపే పనివాడు), అరవైకి దగ్గర పడ్డ మనిషి. సాయంత్రపు ఎండ పైకిటికీలోంచి ఏటవాలుగా దిగుతోంది. ఆయన లేత్ మీద ఎడమ చేయి ఆనించి, పక్కకు ఒరిగి, కళ్లు మూసుకుని ఉన్నాడు. కుడి పిడికిలి చెవి దగ్గర ఉంది. మెడ మీద చెమటా నూనే కలిసి మెరుస్తున్నాయి. ఆ వెలుగు మళ్లీ నాకు దొరకదు. దానికి ‘అలసట’ అని పేరు పెట్టాను. ప్రదర్శనశాల వాళ్లు దాన్నే గుమ్మం దగ్గర పెద్దదిగా పెడతామంటున్నారు.

పోయిన వారం ముప్ఫైకీ చిన్న ప్రింట్లు వేయించి తీసుకెళ్లి బల్ల మీద పరిచాను. చాలా పెద్ద మనసు చూపిస్తున్నాననే అనుకున్నాను, దాచుకోవడం ఎందుకు. ఆయన తన ఫొటో అందుకునే ముందు చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. అంచులు పట్టుకుని చాలాసేపు చూశాడు. వెనక్కి తిప్పి నేను పెన్సిలుతో రాసిన పేరు చదివాడు.

“అలసట ఏమిటమ్మా? నేను వింటున్నాను కదా” అన్నాడు.

ఆ రోజు లేత్ బేరింగ్‌లో (ఇరుసును మోసే గోళీల వలయంలో) ఏదో తేడా చప్పుడు వస్తోందట. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను బేరింగ్ మీది కప్పుకు ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకు నొక్కి పట్టుకుంటే లోపలి శబ్దం నేరుగా తలలోకి వస్తుంది. కళ్లు మూసుకున్నది అందుకు. నేను పిడికిలి అనుకున్నది స్క్రూడ్రైవర్ పిడిని పట్టుకున్న చేయి. మరి ఆ కడ్డీ ఫొటోలో ఏదీ అని మీరు అడుగుతారు. నేనే కత్తిరించాను. ఫ్రేముకు కుడి అంచున నీలం రంగు ప్లాస్టిక్ డబ్బా ఒకటి కంటికి అడ్డంగా ఉందని ఆ పక్కంతా తీసేశాను. డబ్బాతో పాటు కడ్డీ పోయింది, బేరింగూ పోయింది. మిగిలింది ఒక దిగులుపడ్డ ముసలాయన.

ఆయనకు కోపం రాలేదు, అదే నాకు ఇబ్బందిగా ఉంది. “నేను అలిసిపోతే ఇంటికి పోతాను, మెషిన్ మీద పడుకోను” అని నవ్వి పనిలోకి వెళ్లిపోయాడు.

రెండో సంగతి. డ్రిల్లింగ్ మెషిన్ మీద పనిచేసే ఆవిడ తన ఫొటోను బోర్లా తిప్పి బల్ల మీద పెట్టి “ఇది వద్దు” అంది. కారణం చెప్పలేదు. తీసేటప్పుడు మాత్రం తల ఊపింది, నాకు బాగా గుర్తు.

నా ప్రశ్నలు ఇవి. పేరు మార్చి ఆ ఫొటోను అలాగే పెట్టవచ్చా? ఒకసారి ఒప్పుకున్న మనిషి తర్వాత వద్దంటే ఆ మాటే చెల్లాలా? అన్నిటికన్నా పెద్ద భయం ఇంకొకటి. ఈ ఒక్కటి బయటపడింది సరే, తక్కిన ఇరవై ఎనిమిదిలో నేను ఇంకేమేమి తప్పుగా చదివి ఉంటాను?

(పనిలో పనిగా: ట్యూబ్‌లైట్ల కింద తీసిన వాటిలో కొన్నిటి మీద అడ్డంగా చారలు పడుతున్నాయి. అది ఎందుకో ఎవరైనా చెప్పగలరా?)

చీకటిగది:

ముందు ఆ కత్తిరించిన ముక్కను వెనక్కి తెచ్చుకోండి. పేరు సంగతి తర్వాత. మీరు పేరును ‘వింటున్న మనిషి’ అని మార్చి, ఫొటోను మాత్రం ఇలాగే ఉంచితే చూసేవాళ్లకు అది కవిత్వంలా కనిపిస్తుంది. పాపం ఏ జ్ఞాపకాన్ని వింటున్నాడో అనుకుంటారు. ఆయన వింటున్నది బేరింగును. బేరింగు ఫ్రేములో ఉండాలి.

మీ నీలం డబ్బా గురించి చదువుతుంటే నాకు ఒక బొటనవేలు గుర్తొచ్చింది. 1936 మార్చిలో ఫొటోగ్రాఫర్ డొరొథియా లాంగ్ అమెరికా ప్రభుత్వ సంస్థ తరఫున తిరుగుతూ కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, గుడారం కింద పిల్లలతో కూర్చున్న ఒక తల్లిని తీసింది. ఆ ఫొటో ఎరగనివాళ్లు తక్కువ. దాని కుడి కింది మూలన గుడారపు కర్రను పట్టుకున్న బొటనవేలు ఒకటి ఉండేది. చూపును చెదరగొడుతోందని 1939లో లాంగ్ దాన్ని నెగెటివ్‌లోనే చెరిపించింది. జాగ్రత్తగా చూస్తే ఇప్పటికీ అక్కడ నీడలాంటి మరక కనిపిస్తుంది. ఆ వేలు ఆ తల్లిదే. ఒక చేత్తో కర్ర పట్టుకుని ఉన్న మనిషి, వేలు పోయేసరికి ఉత్త ఆలోచనలో మునిగిన మనిషి అయింది. నేను మరీ పట్టి చూస్తున్నానేమో కానీ, మీ కత్తిరింపు కథకూ దీనికీ నాకు పెద్ద తేడా కనిపించడం లేదు.

అసలు తప్పు అది కూడా కాదు. లాంగ్ ఆమె పేరు అడగలేదు. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో, అంటే నలభై రెండేళ్లకు. ఆ ఫొటో వల్ల తనకు ఒక్క పైసా రాలేదని, అసలు తీయకుండా ఉంటే బాగుండేదని అప్పుడు ఆమె చెప్పుకుంది. తిండి కోసం కారు టైర్లు అమ్ముకున్నారని లాంగ్ రాసిన మాట కూడా నిజం కాదని ఆ కుటుంబం అన్నది. లాంగ్ అబద్ధాలకోరు అని నేననడం లేదు. ఆమెంత శ్రద్ధగా రాసుకునేవాళ్లు ఆ కాలంలోనే అరుదు. ఒక రోజు చివర, అలసటలో, పది నిమిషాల పాటు ఆగిన చోట ఆ శ్రద్ధ తప్పింది. చరిత్రకు మిగిలింది సరిగ్గా ఆ పది నిమిషాలే.

దీనికి ఎదురుగా లూయిస్ హైన్‌ను పెట్టి చూడండి. 1908 నుంచి, పిల్లల చేత పని చేయించడాన్ని ఎదిరించే అమెరికా జాతీయ బాలకార్మిక సంఘం కోసం మిల్లులూ గనులూ తిరిగాడు. లోపలికి రానివ్వరు కాబట్టి బైబిళ్లు అమ్మేవాడినని ఒకచోట, పోస్టుకార్డులు అమ్మేవాడినని ఇంకొకచోట చెప్పుకుని దూరేవాడు. పిల్లల ఎత్తు కొలవడానికి టేపు తీస్తే అనుమానం వస్తుంది. అందుకని తన కోటు గుండీలు నేలకు ఎంతెంత ఎత్తున ఉంటాయో ముందే లెక్క వేసుకుని, పిల్ల తల ఏ గుండీ దగ్గరికి వచ్చిందో చూసేవాడు. చేయి జేబులో పెట్టుకుని, లోపల ఉన్న కాగితం మీద చూడకుండానే రాసుకునేవాడు. ఆయన తీసిన ఒక ఫొటో కింద ఏముందో నాకు కంఠతా వచ్చు: ఆ పిల్ల పేరు, ఎత్తు 48 అంగుళాలు, ఆరు నెలలుగా పనిచేస్తోంది, లాంకాస్టర్ నూలు మిల్లు, 1908 నవంబరు 30. అందులో ‘దైన్యం’ లేదు, ‘అలసట’ లేదు. బాధ అంతా ఆ 48లో ఉంది.

మీరు లెక్కలు రాసే మనిషి. ఈ పద్ధతి మీకు కొత్తగా నేర్పాలా? పుస్తకంలో ‘చాలా ఖర్చయింది’ అని రాస్తారా, అంకె వేస్తారా?

సూటిమాట:

అందరూ తిట్టుకున్నా ఒక మాట చెబుతాను. ప్రతివాళ్లనూ అడిగి, వాళ్లకు నచ్చినవే ఉంచి, వాళ్లు చెప్పిందే కింద రాస్తే చివరికి మిగిలేది ఇంట్లో బీరువాలో పెట్టుకునే ఆల్బమ్. ఏ మనిషికైనా తల దువ్వుకుని నవ్వుతున్న ఫొటోనే నచ్చుతుంది. వాకర్ ఎవాన్స్ 1938 నుంచి 1941 దాకా న్యూయార్క్ భూగర్భ రైళ్లలో కోటు లోపల కెమెరా దాచుకుని, గుండీల మధ్య నుంచి లెన్సు బయటపెట్టి ఎదుటి సీటు వాళ్లను తీశాడు. ఎవరినీ అడగలేదు. పని ముగించుకుని ఇంటికి వెళ్లే మనుషుల ముఖాలు అంత నిజంగా ఇంకెక్కడ ఉన్నాయి?

ఆయన వింటున్నాడు, సరే. ఆ ఫొటోలో అలసట కూడా ఉంది. రెండూ ఒకే మనిషిలో ఉండకూడదా? ఫొటోలో ఉన్నవాడికి తన ముఖం మీద ఏముందో తెలుస్తుందని ఎందుకు అనుకుంటున్నారు?

రెండో షిఫ్టు:

నేను వెల్డర్‌ని, పందొమ్మిదేళ్ల అనుభవం. ఫొటోలు తీయడం రాదు, తీయించుకోవడం బాగా వచ్చు. మా చోటికి కెమెరాతో వచ్చిన ప్రతివాడూ ఒకటే అడుగుతాడు: నిప్పురవ్వలు. “అన్నా, కొంచెం ఎక్కువ రవ్వలు వచ్చేటట్టు చేయరా?” అంటారు. రవ్వల జల్లు కావాలంటే గ్రైండర్ పట్టుకున్నవాడి దగ్గరికి వెళ్లాలి. వెల్డింగ్‌లో రవ్వలు మరీ ఎగురుతున్నాయంటే కరెంటో, రాడ్‌ను పట్టుకున్న దూరమో, రాడ్‌లో తేమో, ఏదో ఒకటి సరిగ్గా లేదని అర్థం. అంటే వాళ్లు నా చేత చెడ్డ పని చేయించి, అదే నా పని అని తీసుకుపోతారు.

సూటిమాట గారు, తన ముఖం మీద ఏముందో ఫొటోలో ఉన్నవాడికి తెలియకపోవచ్చు, ఒప్పుకుంటాను. తన చేతిలో ఏముందో తెలుస్తుంది. ఇక్కడ గొడవ చేతి గురించి.

నా ఫొటో ఒకటి ఏమైందో చెబుతాను, జమాఖర్చు గారికి పనికొస్తుంది. పదేళ్ల కిందటి మాట. ఒకాయన వచ్చి రోజంతా తీశాడు. మంచివాడే. సాయంత్రం “ముఖం కనపడటం లేదు, ఒక్కసారి మాస్క్ పైకెత్తి ఆర్క్ వైపు చూడండి” అన్నాడు. ఆర్క్ అంటే రాడ్ మొన దగ్గర పుట్టే కళ్లు చెదిరే వెలుగు. వద్దన్నాను. “ఒక్క సెకను” అన్నాడు. మొహమాటానికి ఎత్తాను. ఆ రాత్రి కళ్లలో ఇసుక పోసి రుద్దినట్టుగా ఉండి నిద్ర లేదు. ఈ పని చేసేవాళ్లకు అది తెలిసిన బాధే. అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆరేళ్ల తర్వాత వేరే కంపెనీలో చేరితే, మొదటి రోజు భద్రత పాఠం చెబుతూ తెర మీద ఒక బొమ్మ వేశారు. మాస్క్ ఎత్తి ఆర్క్‌ను చూస్తున్న వెల్డర్. కింద పెద్ద అక్షరాలతో ‘ఇలా ఎన్నడూ చేయకండి’. అది నేనే. గదిలో నలభై మంది. నా పక్కవాడు తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నా పేరు అదే అయింది.

తీసినాయన దాన్ని ఎవరికి ఇచ్చాడో, వాళ్లు ఇంకెవరికి అమ్మారో నాకు తెలియదు. కింద నా పేరు ఉంటే, ‘ఫొటో కోసం మాస్క్ ఎత్తమన్నాను’ అని ఒక్క ముక్క ఉంటే, అది ఆ తెర మీదకు వచ్చేదా?

ఇంకొకటి చెప్పక తప్పదు. మీరు వాళ్ల జీతం లెక్క రాస్తారు. ఓవర్‌టైము గంటలు, సెలవు కోతలు, అడ్వాన్సులు అన్నీ మీ చేతి మీదుగా వెళ్లేవే. పైగా యజమాని సరేనన్నాడు. అలాంటి మనిషి కెమెరా పట్టుకుని ఎదురుగా నిలబడి “తీయవచ్చా?” అంటే ఎవరైనా తల ఊపుతారు. ఆ తల ఊపును మీరు ఒప్పుకోలు అని జమ కట్టారు. డ్రిల్లింగ్ మెషిన్ ఆవిడ రెండేళ్లకు ధైర్యం తెచ్చుకుని ఆ ప్రింటును బోర్లా తిప్పింది. మీకు దొరికిన మొదటి నిజమైన జవాబు అదేనని నా లెక్క. కారణం అడగవద్దు.

చివరికి ఒకటి. అతుకు బాగా కుదిరితే దాని మీద పేరుకున్న స్లాగ్‌ను (గట్టిపడ్డ మడ్డిని) సుత్తితో కొట్టనక్కర్లేదు. చల్లారుతూ చల్లారుతూ దానంతట అదే చిన్నగా టిక్కుమని లేచి, పెంకులా చుట్టుకుని పడిపోతుంది. కింద చేప పొలుసుల్లా వరస తీరిన లోహం. ఏ రాడ్‌కైనా, ఎవరికైనా ఎప్పుడూ అలా రాదు, వచ్చిన రోజున పక్కవాణ్ని పిలిచి చూపిస్తాం. పందొమ్మిదేళ్లలో దాన్ని తీసినవాడిని ఒక్కణ్ని చూడలేదు.

పాత నెగెటివ్:

పైన వెల్డర్ గారు రాసిన తర్వాత నేను చేర్చేది తక్కువే, అయినా కొన్ని.

ఎవాన్స్ రైలు ఫొటోల గురించి: అవును, దొంగచాటుగానే తీశాడు. కానీ పుస్తకంగా వేసింది 1966లో. పాతికేళ్లు పెట్టెలో ఉంచాడు. ఆ సగం కూడా చెప్పాలి కదా.

అడిగి తీస్తే ఆల్బమ్ అవుతుందన్న మాటకు నా జవాబు మిల్టన్ రొగోవిన్. న్యూయార్క్ రాష్ట్రం బఫెలోలో కళ్లద్దాల డాక్టరు. 1957లో కమ్యూనిస్టు అన్న ముద్ర వేసి అమెరికా చట్టసభ (కాంగ్రెస్) కమిటీ ముందుకు పిలిచారు. నోరు విప్పలేదు, పత్రికలు దుమ్మెత్తిపోశాయి, వచ్చే రోగులు తగ్గిపోయారు. అప్పుడు కెమెరా పట్టుకున్నాడు. ఉక్కు కార్మికులను కొలిమి దగ్గర ఒకటి, ఇంట్లో ఒకటి, జంటగా తీశాడు. ఎలా నిలబడాలో, ఎక్కడ కూర్చోవాలో వాళ్లకే వదిలేసేవాడు. తర్వాత ప్రింటు పట్టుకెళ్లి చేతికిచ్చేవాడు. 1972లో మొదలుపెట్టి తన ఊరి పేద వాడలోని అవే కుటుంబాలను ముప్ఫై ఏళ్ల పాటు మళ్లీ మళ్లీ వెళ్లి తీశాడు. వాళ్లు తల దువ్వుకునే నిలబడ్డారు. అయినా వాటిని చూసి ఆల్బమ్ అనేవాడిని నేనింకా కలవలేదు. కొలిమి దగ్గర ఒకావిడ, ముఖమంతా మసి, కళ్లకు రక్షణ అద్దాలు. పక్క ఫొటోలో అదే ఆవిడ ఉతికిన జాకెట్టుతో తన ఇంటి సోఫాలో. ఇద్దరూ ఒకరేనని పోల్చుకోవడానికి కొంచెం సమయం పడుతుంది. ఆ కొంచెం సమయమే ఆయన పనితనం.

వద్దన్న ఫొటో సంగతి. నిక్ హెడ్జెస్ అనే ఆయన 1968 నుంచి 1972 దాకా బ్రిటన్‌లో షెల్టర్ అనే సంస్థ కోసం శిథిలమైన ఇళ్లలో బతుకుతున్న కుటుంబాలను తీశాడు. అందులో ఉన్నవాళ్లెవరో బయటపడకుండా కాపాడటానికి ఆ ఫొటోల వాడకం మీద నలభై ఏళ్ల ఆంక్ష పెట్టారు. ఫొటోలు పాడైపోలేదు. ఆగాయి అంతే. మీ డ్రిల్లింగ్ ఆవిడ ఫైలును ఆవిడ చేతికే ఇచ్చి, ఉంచమంటే ఉంచండి, చెరపమంటే చెరపండి.

చారలు: మీరు చప్పుడు కాకూడదని కెమెరాలో ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టుకుని ఉంటారు. అది మార్చి మెకానికల్ షట్టర్ పెట్టండి. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట దీపం సెకనుకు వందసార్లు మిణుకుతుంది కాబట్టి 1/100 లేదా 1/50 దగ్గర తీయండి. చారలు పోతాయి. టక్కుమని చప్పుడు వస్తుంది, రానివ్వండి. ఫొటో తీస్తున్నారని వాళ్లకు తెలియడం మంచిదే.

ఒక్క ప్రశ్న: మర్నాడు ఆ బేరింగ్ విప్పారు కదా? అప్పుడు తీశారా? గోర్డన్ పార్క్స్ 1942లో వాషింగ్టన్‌లోని ప్రభుత్వ కార్యాలయంలో ఊడ్చే ఎల్లా వాట్సన్‌ను జెండా ముందు చీపురుతో నిలబెట్టి తీశాడు. అందరూ ఆ ఒక్క ఫొటో దగ్గరే ఆగిపోతారు. పార్క్స్ ఆగలేదు. ఆ తర్వాత ఆమె ఇంటికీ, మనవల దగ్గరికీ, చర్చికీ వెళ్లాడు. వాటిని చూశాక మొదటి ఫొటోలోని ఆ నిలువు చూపు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. మీ టర్నర్ పక్కన ఏమి ఉండాలో మీ నాలుగు వేలలో వెతకండి.

సూటిమాట:

1966 సంగతి నిజమే, దాచాను. వెల్డర్ గారి కథ చదివాక ఇంక వాదించబుద్ధి కావడం లేదు. కానీ ప్రదర్శనశాల వాళ్లు ‘అలసట’ అన్న పేరు చూసే ఒప్పుకున్నారేమో, అది కూడా ఆలోచించుకోండి. బేరింగ్ చూడటానికి ఎవరు వస్తారు?

జమాఖర్చు:

పదిహేను రోజులు మౌనంగా ఉన్నందుకు మన్నించండి.

జీతం మాట చదివిన రోజున నాకు కోపమే వచ్చింది. నేను అలాంటి మనిషిని కానని రాయబోయి, రాసింది చెరిపేశాను. వాళ్లలో ఎవరికీ నాతో అలా చెప్పే వీలు లేదు కాబట్టే మీరు చెప్పాల్సి వచ్చింది.

చేసింది ఇది. ముప్ఫై ప్రింట్లనూ ఒక అట్టపెట్టెలో వేసి, షెడ్డులో సామాన్ల అలమర పక్కన పెట్టాను. నాకు అది నా కిటికీలోంచి కనపడదు. “వద్దనుకున్నది తీసేసుకోండి, ఎవరు తీసుకున్నారో నేను అడగను, వారం తర్వాత మిగిలినవే నావి” అని చెప్పాను. వారం తర్వాత పెట్టెలో ఇరవై మూడు ఉన్నాయి. పోయిన ఏడింటిలో డ్రిల్లింగ్ ఆవిడది ఒకటి. తక్కిన ఆరు నేను అసలు ఊహించనివి. అందులో రెండు నాకు బాగా ఇష్టమైనవి. అవి ఏమిటో రాయను.

ఎవరో పెట్టెలో అదనంగా ఒక కాగితం కూడా వేశారు. ‘చివరి నంబరు లేత్ మీద పనిచేసే కుర్రవాడి ఫొటో ఒక్కటీ లేదు’ అని. చూసుకుంటే నిజమే. రెండేళ్లలో ఆ అబ్బాయిని నేను ఒక్కసారి కూడా తీయలేదు. అతని మెషిన్ మీద వెలుగు బాగా పడదు.

బేరింగ్ గురించి పాత నెగెటివ్ గారు అడిగారు కదా. వెతికితే దొరికింది. మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు నేనే తీశాను. తీసినట్టు కూడా గుర్తు లేదు. ఆయన అరచేతిలో విప్పిన బేరింగ్, బొటనవేలితో ఒక గోళీని తిప్పి చూపిస్తున్నాడు. దాని మీద మిరపగింజంత గుంట. వెలుగు చదునుగా ఉంది, గోరు కింద నూనె, వెనక ఎవరిదో మోచేయి అడ్డం. అందుకే పక్కన పడేశాను. లాంగ్ కాలంలో అమెరికా ప్రభుత్వ ఫొటోల విభాగాన్ని నడిపిన రాయ్ స్ట్రైకర్ తనకు నచ్చని నెగెటివ్‌లకు పంచ్‌తో చిల్లులు పెట్టేవాడని ఎక్కడో చదివి అప్పుడు తిట్టుకున్నాను. నేను పెట్టిన చిల్లులు కనపడవు, అంతే తేడా.

ఇప్పుడు రెండూ పక్కపక్కన ఉంటాయి. కింద రాయవలసింది ఆయన్నే చెప్పమన్నాను. నా నోటుపుస్తకం తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని తానే రాశాడు: ‘రెండో నంబరు లేత్. ముందువైపు బేరింగ్. సాయంత్రం నాలుగూ నలభై. గురగుర కాదు, మధ్య మధ్య టకటక. గోళీ పోయిందనుకున్నాను. పోయింది.’ చివరి మాట కింద గీత కూడా గీశాడు.

ప్రదర్శనశాల వాళ్లు కొంచెం నీరసపడ్డారు, సూటిమాట గారి అనుమానం తప్పు కాదు. గుమ్మం దగ్గర వేరేది పెడతారట. పెట్టుకోనివ్వండి.

నిన్న కత్తిరించని ఫొటోను పెద్దదిగా ప్రింటు వేయించి తీసుకెళ్లాను. నీలం డబ్బా, కడ్డీ, బేరింగ్ కప్పు అన్నీ ఉన్నాయి. ఇప్పుడు ఎలా ఉంది బాబాయ్ అని అడిగాను. ఆయన ఈసారి తన ముఖం వైపు చూడలేదు. కుడి అంచున వేలు పెట్టి, దగ్గరగా వంగి చూసి, షెడ్డు వైపు తిరిగి గట్టిగా కేకేశాడు:

“ఒరేయ్, ఆ రోజు కూలెంట్ డబ్బా మూత తెరిచి వదిలేసింది ఎవడురా?”